వేగం ఎవరి స్వభావం?

1913లో బెర్లిన్‌లో లియోనార్ మైఖేలిస్, మాడ్ మెంటెన్ ఈస్ట్‌లోని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ పంచదారను ఎంత వేగంగా విడగొడుతుందో కొలిచి, దానికొక సమీకరణం రాశారు. ఆ తర్వాత ఎంజైమ్ పేరు పక్కన దాని వేగాన్ని అంకెల్లో రాయడం రివాజైంది. మనిషికి ఎత్తూ బరువూ ఉన్నట్టే ఆ వేగమూ ఎంజైమ్ సొంతమని విద్యార్థులు చదువుకుంటారు. నిజంగా సొంతమేనా?

ఆ కొలతల్లో ఎక్కువ భాగం నీళ్లలా పలుచని ద్రావణాల్లో తీసినవి. ఎంజైమ్ పుట్టి పనిచేసే ఇల్లు అలా ఉండదు. ఈ. కోలి బ్యాక్టీరియా లోపల మిల్లీలీటరుకు 300 నుంచి 400 మిల్లీగ్రాముల ప్రోటీన్లూ, ఆర్‌ఎన్‌ఏ వంటి ఇతర బృహదణువులూ కిక్కిరిసి ఉంటాయి. ఇసుకేస్తే రాలనంత జనం అంటాం కదా, ఈ జనంలో ఇసుక రేణువుల్లాంటి చిన్న అణువులు ఎలాగోలా జారిపోతాయి. ఒళ్లు పెద్దవాటికే దారి దొరకదు. పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ విసరణ వేగం నీళ్లలో సెకనుకు 87 చదరపు మైక్రాన్లు. 1999లో ఈ. కోలి లోపల కొలిస్తే అది 8 కూడా లేదు.

రద్దీ అంటే ఆలస్యమే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. గిన్నె నిండా నిమ్మకాయలు పోశాక ఇంకో నిమ్మకాయకు చోటుండదు. గుప్పెడు ఆవాలు వేస్తే మాత్రం సందుల్లోకి దిగిపోతాయి. ఎంత ఖాళీ ఉందనేది వచ్చేదాని ఒడ్డూ పొడుగూ బట్టి తేలుతుంది. కణంలో బృహదణువులు ఆక్రమించింది ఇరవై ముప్పై శాతమే అయినా, మరో బృహదణువుకు మిగిలే చోటు చాలా తక్కువ. రెండు పెద్ద అణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటే మిగతావాటికి కాస్త జాగా దొరుకుతుంది కాబట్టి, గుంపు వాటిని కలిపేలా నెడుతుంది. అమెరికాలో అలెన్ మింటన్ 1980ల తొలినాళ్ల నుంచి ఈ లెక్కను వివరంగా కట్టారు.

1983లో స్టీవెన్ జిమ్మర్‌మన్, బార్బరా ఫైఫర్ చేసిన ప్రయోగం మరీ అబ్బురం. ఎలుక కాలేయం నుంచీ ఈ. కోలి నుంచీ తీసిన డీఎన్‌ఏ లైగేజ్‌లకు మొండి కొసలున్న డీఎన్‌ఏ ముక్కలను అతకడం మామూలు ద్రావణంలో చేతకాదు. చర్యలో వేలు పెట్టని పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను చిక్కగా కలిపితే అతికేశాయి. ఎంజైమ్ మారలేదు, పొరుగు మారింది.

ఈ లాభం అన్నిటికీ దక్కదు. పనిని చిటికెలో ముగించి తర్వాతి అణువు కోసం కాచుకునే ఎంజైమ్‌లకు రద్దీ నష్టమే, ఆ అణువు రాక ఆలస్యమవుతుంది గనుక. పైగా పొరుగు ప్రోటీన్లు చోటు ఆక్రమించి ఊరుకోవు. మెత్తగా అంటుకుంటాయి, ఒక్కోసారి ప్రోటీన్ మడతలనే సడలిస్తాయి.

గుణం వస్తువులోనే ఉంటుందా, పరిసరాల వల్ల వస్తుందా అన్నది పాత ప్రశ్న. ప్రాచీన భారతీయ దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారు, అంటే వైశేషికులు, గుణం ద్రవ్యంలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుందన్నారు. కృష్ణా తీరంలోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టిన బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు 'మూలమధ్యమక కారిక'లో స్వభావాన్నే నిలదీశాడు. హేతుప్రత్యయాల వల్ల, అంటే కారణాలూ పరిస్థితుల వల్ల పుట్టినదానికి సొంత స్వభావం ఎలా ఉంటుందని ఆయన ప్రశ్న.

నాగార్జునుడికి ఎంజైమ్‌లు తెలుసనడం ఆయనకూ, శాస్త్రానికీ కూడా అన్యాయం. ఆయన వెతికింది దుఃఖ విముక్తిని. అయినా ఆయన పద్ధతిలో అడిగితే మన ప్రశ్న పదునెక్కుతుంది. ఎంజైమ్‌లోని అమైనో ఆమ్లాల వరుస దానిదే, అంతవరకు వైశేషికుల మాట చెల్లుతుంది. వేగం దగ్గర చెల్లదు. పలుచని ద్రావణంలో వచ్చిన అంకె అసలుదనీ, కణంలో వచ్చినది దాని వికారమనీ అనడానికి ఆధారం లేదు. నీళ్లూ ఒక పొరుగే.

ఇది పండితుల కాలక్షేపం అనుకునేవారు సికిల్ సెల్ వ్యాధిని చూడాలి. ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీ గూడేల్లో ఎన్నో కుటుంబాలు దీనితో బతుకుతున్నాయి. హిమోగ్లోబిన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారడమే దీనికి మూలం. అయితే ఆక్సిజన్ వదిలిన ఆ హిమోగ్లోబిన్ ఎప్పుడు పోగులు కడుతుందో తేల్చేది ఎర్రకణంలోని రద్దీ. హిమోగ్లోబిన్ సాంద్రత కొద్దిగా పెరిగినా పోగులు మొదలవడానికి పట్టే వ్యవధి అనేక రెట్లు తగ్గిపోతుంది. కణంలో నీరు తగ్గితే సాంద్రత పెరుగుతుంది. అందుకే ఈ జబ్బున్న పిల్లలకు ఏ కాలంలోనైనా నీళ్లు బాగా తాగించమని డాక్టర్లు చెబుతారు.