పడావు భూమి ఎవరిది?

మా బడిలో ఐదో తరగతికి పరిసరాల విజ్ఞానం చెప్తున్నాం. మన తాతలు పోడు చేసిన నేలను రెండు మూడేళ్లకు పడావు పెట్టేవాళ్లని, నేలతల్లిని అలసిపోనిచ్చేవాళ్లు కాదని చెప్పాం. వెనక బల్ల మీది పిల్ల లేచి, "మరి మా ఇంట్లో గడ్డి మందు డబ్బా ఎందుకుంది సార్? మా నాయన నేలతల్లి బిడ్డ కాడా?" అని అడిగింది.

ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇంతలో బెల్లు కొట్టారు, బతికిపోయాం. ఆ డబ్బా మా ఇంట్లోనూ ఉంది. అందుకే ఆ ప్రశ్న ఇంటి దాకా వెంట వచ్చింది.

మా ఏజెన్సీ పల్లెలు 2016 దాకా వరంగల్ జిల్లాలోవి. తర్వాత భూపాలపల్లిలోకి, 2019లో ములుగులోకి పోయాం. జిల్లా మారినా చెలక మారలేదు. ఆ చెలకలో ఒకప్పుడు ఏడాది ఎలా నడిచేదో ఇప్పటి పిల్లలకు తెలియదు, కాబట్టి ముందు అది చెప్పుకోవాలి.

మాఘం దాటాక చెట్టు కొట్టేవాళ్లు. మొదలంటా కాదు, మోకాలెత్తున మోడు ఉంచి కొట్టేవాళ్లు. ఇప్ప, తునికి, మామిడి, చింత మీద గొడ్డలి పడేది కాదు. కొట్టిన కొమ్మలు ఎండకు ఎండాక, వానలకు ముందు కాల్చేవాళ్లు. ఆ ఎండల్లోనే ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కోయడం. విత్తనాల పండుగ చేసి, వడ్డె చేతి మీదుగా వేల్పుకు చూపించిన గింజనే ఇంటికి తెచ్చుకునేవాళ్లు. తొలకరి పడగానే బూడిదలో కర్రతో గుంట పెట్టి గింజ వేసేవాళ్లు. నాగలి లేదు కాబట్టి నేల తిరగబడేది కాదు. మోడుల వేర్లు మట్టిని పట్టుకొని ఉండేవి. ఒకే చెలకలో జొన్న, కొర్ర, సామ, కంది, బొబ్బర, ఆముదం, నువ్వు. అంచుల వెంట గుమ్మడి తీగ. సామ, కొర్ర ముందు చేతికొచ్చేవి, చలికాలంలో జొన్న, ఆ తర్వాత కంది. ఒకటి పోతే ఇంకొకటి నిలబడేది. రెండు మూడేళ్లకు గడ్డి ఎక్కువై, బూడిద బలం తగ్గి, పంట పలచబడేది. అప్పుడు ఆ నేలను వదిలేసేవాళ్లు. మోడు మళ్లీ చిగురించేది. ఎన్నో ఏళ్లకు గానీ అక్కడ మళ్లీ గొడ్డలి పడేది కాదు.

ఇంటి చుట్టూ పెరడు వేరే లోకం, అది అమ్మల లోకం. చిక్కుడు పందిరి, సొర, దొండ, గోంగూర, మునగ. ఏ కాయ వండాలో, ఏది విత్తనానికి వదలాలో అమ్మమ్మలే చెప్పేవాళ్లు. గింజను బూడిద కలిపి, ఎండిన సొరకాయ బుర్రలో దాచేవాళ్లు. చిక్కుడు విరగకాసినా, పండుగ చేసి వేల్పుకు పెట్టేదాకా నోట పెట్టకూడదు. చిన్నప్పుడు మాకు అది శిక్షలా ఉండేది. దొంగతనంగా తిని తన్నులు కూడా తిన్నాం.

ఇదంతా మంచితనమేనా? మన సభల్లో, పాటల్లో అలాగే చెప్పుకుంటాం. కానీ పిల్లల ముందు నిలబడి చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త ఉండాలి. గడ్డిని తట్టుకోలేక వదిలిన చెలకలు చాలా ఉన్నాయి. అప్పుడు జనం తక్కువ, అడవి ఎక్కువ. 1940లలో హైమెండార్ఫ్ అప్పటి వరంగల్ జిల్లాలోని గోదావరి గట్టున కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. తిండిగింజలు అయిపోయిన నెలల్లో వాళ్లు జీలుగు చెట్టు బోదె, అడవి గడ్డలు తిని బతికిన సంగతి కూడా అందులో ఉంది. అది స్వర్గం కాదు. ఆకలి ఉన్న జీవితమే.

అయినా ఒకటి కాదనలేం. మంచితనం ఒక్కో మనిషి గుండెలో ఎంత ఉందో మనకు తెలియదు గానీ, ఊరి కట్టుబాటులో మాత్రం ఉంది. చిక్కుడు పండుగ దాకా ఆగాలంటే ఊరంతా ఆగాలి. పక్కింటివాళ్లూ ఆగారు కాబట్టి ఆగినవాళ్లకు నష్టం లేదు. కాయ ముదిరి విత్తనం నిలిచేది. వదిలిన చెలక సంగతీ అంతే. అది ఎవరు కొట్టిన చెలకో ఊరికి తెలుసు. దాన్ని ఇంకొకరు ముట్టాలంటే పెద్దలను అడగాలి. నేల నిద్రపోతుంటే ఊరు కాపలా కాసింది. అందుకే తాత ధైర్యంగా వదిలిపెట్టగలిగాడు.

తర్వాత భూమికి వేరే లెక్క వచ్చింది. అందులో సాగు భూమికి ఒక గడి ఉంది, అడవికి ఒక గడి ఉంది. రెండింటి మధ్య నిద్రపోయే నేలకు గడి లేదు. మా బంధువుల్లో ఒక కుటుంబం నాలుగెకరాలు పడావు పెట్టింది. మూడో ఏడు పోయి చూస్తే మొక్కలు నాటి ఉన్నాయి, చుట్టూ కందకం తవ్వి ఉంది. అడిగితే "ఖాళీగానే ఉంది కదా" అన్నారట. ఆ మాట మా పల్లెల్లో అందరూ విన్నారు.

2006 అటవీ హక్కుల చట్టం మనకు మేలు చేసిన చట్టమే, అందులో అనుమానం లేదు. 2005 డిసెంబర్ 13 నాటికి స్వాధీనంలో ఉన్న నేలకు, 4 హెక్టార్లు మించకుండా హక్కు ఇచ్చింది. అయితే స్వాధీనం చూపించడమంటే మా దగ్గర దున్నిన చాళ్లు చూపించడమే అయింది. మోడులు పీకారు, ట్రాక్టరు పెట్టారు, ఏటా దున్నారు. నేలకు విశ్రాంతి ఇచ్చినవాడు భూమి పోగొట్టుకున్నాడు. ఊపిరాడకుండా దున్నినవాడికి దక్కింది. ఏటా దున్నే నేలలో పత్తి వచ్చింది, మిర్చి వచ్చింది. పత్తికి కలుపు ఆగదు, కూలీలు దొరకరు. ఆ పిల్ల నాయన ఇంటికి డబ్బా అలా వచ్చింది. 1997-98లో ఇదే వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగులు చావని మందును తామే తాగి చనిపోయిన సంగతి అతను విననివాడు కాదు. తెలిసే కొన్నాడు.

అతనిది తప్పు కాదా అంటే, తప్పే. కానీ మంచి పని చేసినవాడి భూమి పోయే చోట మంచి పని చేయమని ఒక్కడికి చెప్పే హక్కు ఎవరికుంది? జీతం వచ్చే మాకు అసలే లేదు.

ఇప్పుడు మాత్రం లెక్క కొంత మారింది. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. రానివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల భయం వాళ్లకుంది. వచ్చినవాళ్లకు మాత్రం ఏటా దున్ని చూపించాలన్న సాకు సన్నబడింది. పైగా అదే చట్టం 5వ సెక్షన్‌లో అడవిని, అందులోని జీవజాతులను కాపాడే బాధ్యత హక్కుదారుల మీద, గ్రామసభ మీద పెట్టింది. హక్కు కాగితాన్ని బీరువాలో పెట్టి, ఈ పేజీని మనం చదవలేదు.

ఊరంతా కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఏనెబావికి పోవాలి. పాత వరంగల్ జిల్లాలోనిదే, లింగాలఘణపురం మండలం, ఇప్పుడు జనగామ జిల్లా. మన గిరిజన గూడెం కాదు, యాభై కుటుంబాల చిన్న ఊరు. మొదట ఆముదం మీది ఎర్ర గొంగళితో మొదలుపెట్టారు. తొలి వానలకు రెక్కల పురుగులు లేచే రాత్రుళ్లు చెలకల్లో మంటలు వేశారు. ఒక్కడే మంట వేస్తే పక్క చెలక పురుగు వచ్చి పడుతుంది, అందుకే అందరూ వేయాల్సి వచ్చింది. తర్వాత వేప కషాయం, చెరువు మట్టి, పశువుల ఎరువు. 2006లో ఊరు మొత్తం రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. వాళ్లు మనకంటే మంచివాళ్లని కాదు. ఒకరి మాటకు ఒకరు కట్టుబడ్డారు. మన చిక్కుడు పండుగ కూడా అదే కదా.

ఈ సంగతంతా మొన్న ఎండాకాలం మా గూడెం గ్రామసభలో కదిపాం. రెండెకరాలవాళ్లు ఎకరం పడావు పెడితే ఇల్లు ఎలా గడుస్తుందని ఒక అన్న గట్టిగానే అడిగాడు. నిజమే. పూర్తిగా వదలక్కర్లేదు, ఒక ఏడు జనుమో పిల్లిపెసరో చల్లి దున్నేద్దాం, పత్తిలో కంది సాలు పెంచుదాం అనుకున్నాం. చెలకలు ఆనుకొని ఉన్న మూడు కుటుంబాలవాళ్లు వంతులవారీగా ఒక్కో అర ఎకరం వదలడానికి సరే అన్నారు. అప్పుడు మా పెద్దమ్మ ఒకామె లేచి, "పడావు పెట్టిన దాంట్లోకి పక్కోడు గట్టు జరిపితే ఎవడు అడుగుతడు? ఆ పేరు ముందు రాయండి" అంది.

రిజిస్టరు తెరిచే ఉంది. మూడు కుటుంబాల పేర్లు, అర ఎకరాల హద్దులు రాశాం. ఎవరు అడుగుతారన్న చోట ఎవరి పేరు రాయాలో తేలక, ఖాళీగా వదిలి లేచాం. ఇప్పపువ్వు ఏరడం అయ్యాక మళ్లీ కూర్చోవాలి. ఈసారి బల్ల మీది ఆ పిల్ల నాయనను కూడా పిలిచాం.