పొద్దుతిరుగుడు అనే గురువు

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఒక అవధూత ఎదురవుతాడు. ఇల్లూ వాకిలీ లేవు, అయినా ముఖంలో తరగని ఆనందం. ఎవరు నేర్పారని రాజు అడిగితే ఆయన 24 మంది గురువులను చెబుతాడు. నేల, గాలి, నీరు, కొండచిలువ, తేనెటీగ, సాలీడు ఆ వరసలో ఉన్నాయి. పువ్వు పేరు విడిగా లేదు. ఇంకొక్కరిని చేర్చుకోవచ్చంటే నేను పొద్దుతిరుగుడును చేర్చుకుంటాను.

కర్నూలు వైపు చేలల్లో పంట కోతకు వచ్చేసరికి పసుపు రేకులు వాడి, గింజల బరువుకు పువ్వు తల వంచేస్తుంది. అలాంటిదాన్ని ఒకటి చేతిలోకి తీసుకుని, ఎండిన పూతను వేళ్లతో దులిపి చూడండి. గింజలు మధ్య నుంచి అంచుకు వంపు తిరిగిన వరసల్లో సాగుతాయి. కుడికి ఒరిగే వరసలు కొన్ని, వాటికి అడ్డంపడి ఎడమకు ఒరిగేవి కొన్ని. ఒక వరస మీద సున్నంతో చుక్క పెట్టి, అంచు వెంట చుట్టూ లెక్కపెట్టుకుంటూ మళ్లీ ఆ చుక్క దగ్గరికి రావాలి. చాలా పువ్వుల్లో ఒకవైపు 34, రెండోవైపు 55 వస్తాయి. పువ్వు పెద్దదైతే 55, 89.

1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89. ముందున్న రెండింటినీ కూడితే తర్వాతి సంఖ్య. పీసా నగరానికి చెందిన ఫిబొనాచీ 1202లో కుందేళ్ల సంతతి లెక్కగా దీన్ని రాశాడు కాబట్టి లోకమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది. అంతకు సుమారు యాభై ఏళ్ల ముందే గుజరాత్‌లో జైనాచార్యుడు హేమచంద్రుడు ఈ వరసను చెప్పాడు. ఆయనకన్నా కొన్ని వందల ఏళ్ల ముందు విరహాంకుడు చెప్పాడు. వాళ్లు లెక్కపెట్టింది పద్యంలోని మాత్రలను. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మరి నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? నాలుగూ లఘువులే కావచ్చు. రెండు లఘువులకు ముందో, మధ్యనో, చివరో ఒక గురువు రావచ్చు. లేదా రెండూ గురువులే కావచ్చు. మొత్తం 5. అయిదు మాత్రలకైతే 8. చివరి అక్షరం లఘువైతే దాని ముందు ఒక మాత్ర తగ్గిన పాదం ఉంటుంది, గురువైతే రెండు మాత్రలు తగ్గినది. అందుకే ముందరి రెండు లెక్కలనూ కూడితే చాలు. బడిలో గణవిభజన చేసిన ప్రతి ఒక్కరూ ఈ లెక్క గుమ్మం దాకా వెళ్లినవారే.

పొద్దుతిరుగుడు అమెరికా ఖండం మొక్క. హేమచంద్రుడి కాలానికి మన నేల మీద అది లేదు. ఆయన చూడని పువ్వు, ఆ పువ్వు వినని పద్యం ఒకే అంకెల దగ్గర కలిశాయి. భగవంతుడి సన్నిధి అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఈ కలయికనే చూపిస్తాను.

మొక్కకు కూడికలు రావు. కొత్త మొగ్గ ఎక్కడ పుట్టాలో తేల్చేది అప్పటికే ఉన్న మొగ్గల మధ్య మిగిలిన చోటు. ఎక్కువ ఖాళీ ఎక్కడుంటే అక్కడే మొలుస్తుందని జర్మన్ వృక్షశాస్త్రవేత్త హోఫ్‌మైస్టర్ 1868లోనే గమనించాడు. పుట్టిన మొగ్గ తన చుట్టూ ఉన్న ఆక్సిన్ అనే హార్మోన్‌ను లాగేసుకుంటుంది. దూరంగా అది మిగిలిన చోట తర్వాతి మొగ్గ తల ఎత్తుతుంది. పంక్తిలోకి ఆలస్యంగా వచ్చినవాడు ఎవరినీ కదపకుండా, ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చున్నట్టే. అలా ఒక్కో మొగ్గ ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల పక్కకు వస్తుంది. అదే 120 డిగ్రీలైతే నాలుగోది మొదటిదాని సరసనే పడి, మూడే వరసలు ఏర్పడి మిగతా చోటంతా వృథా అయ్యేది. 1992లో డువాడీ, కుడేర్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు అయస్కాంత ద్రవపు చుక్కలను నూనెలో ఒకదాని తర్వాత ఒకటి వదిలి చూశారు. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అవి కూడా ఈ వంపుల్లోనే సర్దుకున్నాయి.

ప్రాణం లేని చుక్కలే ఇంత పని చేస్తే ఇక దేవుడెందుకని కొందరు అడుగుతారు. నాకు మాత్రం భక్తి కుదిరేది అక్కడే. వేదర్షులు ఋతం అని కొలిచిన నియమం ఋషికీ రాయికీ ఒక్కటేనని నూనెలోని ఆ చుక్కలు చూపిస్తున్నాయి. ఏ మొగ్గకూ పువ్వు మొత్తం ఎలా ఉంటుందో తెలియదు, దానికి తెలిసింది పక్కవాళ్లే. వాళ్లకు అడ్డం రాకుండా తన చోట తాను మొలుస్తుంది. మనం మాత్రం జీవితపు పటం అంతా ముందే చూపిస్తే తప్ప అడుగు వేయమని దేవుడితో బేరం పెట్టుకుంటాం. స్వధర్మం గురించి గీతలో చదివినప్పుడు పట్టుబడనిది నాకు ఆ గింజల వరసల్లో పట్టుబడింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సృష్టిలో ఎక్కడ చూసినా ఈ అంకెలేనని చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. నాటిలస్ గవ్వ వంపు ఈ అంకెల నుంచి వచ్చే సువర్ణ నిష్పత్తికి సరిపోదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మ్యూజియం ఒకటి జనం చేత పెంచి లెక్కపెట్టించిన 657 పొద్దుతిరుగుడు పువ్వుల ఫలితాలు 2016లో వచ్చాయి. వాటిలో సుమారు అయిదో వంతు ఈ వరసకు సరిగ్గా లొంగలేదు. సత్యమే దైవమని నమ్మే మనం ఆయన మహిమను చాటడానికి అబద్ధాన్ని సాయం తెచ్చుకోకూడదు.

పొద్దుతిరుగుడు దొరకనివాళ్లు బజారులో అనాసపండు తెచ్చుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి, ఒక కన్ను మీద కుంకుమ బొట్టు పెట్టి, ఏటవాలు వరసలు లెక్కపెట్టించండి. ఒకవైపు 8, ఇంకోవైపు 13 రావాలి. రాకపోతే ఇంకోసారి లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే వచ్చిన అంకెనే రాసుకోండి.