ఎక్కడ నిలబడి కోరుకుంటున్నాం?

ఉగాది పూట పూజకు కూర్చున్న మనిషి చేత పురోహితుడు సంకల్పం చెప్పిస్తాడు. ఏం కావాలో చెప్పుకోవడానికి ముందు ఎక్కడున్నామో చెప్పుకోవాలి అందులో. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగంలో మొదటి పాదం, మేరువుకు దక్షిణాన భరతఖండం, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆపైన గోత్రం, పేరు. కోట్ల ఏళ్ల దగ్గర మొదలైన లెక్క ఒక ఇంట్లో ఒక పూట దగ్గరికి దిగి వచ్చాక గాని ‘ఈ పని చేస్తున్నాను’ అనే మాట రాదు. కొత్త ఏడాదినైనా కాస్త ఎరుకతో బతకాలనుకునేవాళ్లు ఈ వరసను శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం. జనవరి ఒకటిన చేసుకున్న తీర్మానాలు సంక్రాంతి దాటకుండానే సడలిపోతే మనోబలం లేదని మనల్ని మనం తిట్టుకుంటాం. కానీ ‘ఆరోగ్యంగా ఉంటాను’, ‘కోపం తగ్గించుకుంటాను’ అనే మాటలకు చోటూ లేదు, వేళా లేదు. కాలు మోపడానికి నేల లేని కోరిక ఎంత గట్టిదైనా ఎక్కడ నిలుస్తుంది? జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన పేరుపడ్డ వ్యాసం చెప్పిందీ దీనికి దగ్గరి మాటే. ఫలానా పని చేస్తాననుకుని ఊరుకున్నవాళ్ల కంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే అనుకున్నవాళ్లు దాన్ని పూర్తిచేయడం ఎక్కువని ప్రయోగాల్లో తేలింది.

అయితే సంకల్పం చెప్పేవాళ్లలో చాలామందికి దాని అర్థమే తెలియదు, పురోహితుడు అన్నది తిరిగి అనడమే కదా అని అడగవచ్చు. నిజమే, చిలకపలుకుగా చెప్పేవాళ్లే ఎక్కువ. కానీ అమెరికాలో తెలుగువాళ్ల పూజలకు వెళ్లే పురోహితులు అందులోని స్థలం మాటల్ని మార్చి, ఆ ఖండానికి తగిన పేర్లు చెబుతున్నారు. శ్రీశైలం పేరే అక్కడా వల్లిస్తే వినేవాళ్లలో ఎవరూ ఆక్షేపించరు. అయినా మార్చారంటే, ఉన్నచోటును ఉన్నట్టు చెప్పాలన్న పట్టింపు సంప్రదాయంలో ఇంకా బతికే ఉందన్నమాట.

ఇంతకంటే బరువైన అభ్యంతరం గీత నుంచే వస్తుంది. ఆరో అధ్యాయంలో, సంకల్పాన్ని వదలనివాడెవడూ యోగి కాలేడంటాడు కృష్ణుడు. కోరికలన్నిటికీ మూలం సంకల్పమేనని శంకరుల భాష్యం. అలాంటప్పుడు ఏడాది మొదట్లోనే సంకల్పం చెప్పుకోవడం ఆ మూలానికి నీళ్లు పోయడం కాదా? పైగా పూజలో చెప్పే సంకల్పం ఆయురారోగ్య ఐశ్వర్యాలను నోరారా అడుగుతుంది కూడా. ఈ చిక్కును దాటవేయకూడదు. నాకు తోచిన సమాధానం పూజ చివర ఉంది. క్షేమం, ధైర్యం, విజయం కావాలని మొదలుపెట్టిన మనిషే చివరికి అక్షతలు, నీళ్లు వదిలి కృష్ణార్పణం అంటాడు. అడిగిన చేత్తోనే వదిలేస్తాడు. ఈ రెంటి నడుమ అతను చేసింది ఆ పూటకు సరిపడా చిన్న పని. గీత వదలమన్నది ఫలాన్ని ఊహించుకుని దాని చుట్టూ తిరిగే మనసునని, చేతిలోని పని మీద నిలిచే మనసును కాదని నేను అర్థం చేసుకుంటాను.

పని మీద అలా నిలిచిన మనసుకే అందం కూడా కనిపిస్తుంది. అది చూడాలంటే పూజగదిలోంచి వంటింట్లోకి వెళ్లాలి. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులు జీవితంలోని కష్టసుఖాలని ఏటా ప్రతి వేదిక మీదా వింటాం. తప్పు కాదు గాని, అక్కడితో ఆగిపోతే పచ్చడిని సరిగ్గా చూడనట్టే. కొత్త చింతపండు, కొత్త బెల్లం, పులుపెక్కిన మామిడి పిందె, అప్పుడే విచ్చిన వేపపువ్వు: ఇవన్నీ ఈ నేల మీద ఈ రోజుల్లోనే కలిసి దొరుకుతాయి. సంకల్పం మాటల్లో చెప్పినదాన్ని పచ్చడి నాలుకకు చెబుతుంది. వేపరెమ్మను చేతిలోకి తీసుకుని పువ్వు దూసి, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, ఈనెలను ఊది పారేయాలి. రెమ్మ నిండా పూసిన పువ్వు చివరికి గుప్పెడు కూడా మిగలదు. ఆ కాసేపూ చూపు మరో చోటికి పోవడానికి వీల్లేదు. చెట్టు కింద రోజూ నడిచినా కనిపించని చిన్న తెల్లరేకులు, వాటి తేలికైన తీపి వాసన అప్పుడు తెలుస్తాయి. అంతసేపు చూడాల్సి వచ్చింది కాబట్టి తెలిశాయి. అందాన్ని వెతుక్కుంటూ వెళ్లడం కంటే, చేసే పనిలో కుదురుగా ఉండటం అందానికి దగ్గర దారి అనిపిస్తుంది.

గోత్రం చెప్పుకుని పీటల మీద కూర్చునే వీలు అందరికీ ఎక్కడుంది అంటారా? ఆ అసమానత నిజం, దానికి సమర్థన లేదు. కానీ ఉన్నచోటు ఎరిగి పని మొదలుపెట్టే ఈ తీరు మంత్రం ఎరిగినవాళ్ల సొత్తు కాదు. జ్యేష్ఠ పున్నమికి రైతు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఏరువాక సాగుతాడు. ఏ చేను, ఏ వాన, ఏ విత్తనం అన్నది అతనికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తొలి చాలుతోనే అతని సంకల్పం మొదలవుతుంది.

చివరిగా ఒక మాట మిగిలింది, దానికి సులువైన జవాబు లేదు. అప్పులో మునిగిన కౌలు రైతుతో అందం చూడమనడం క్రూరం. అతనికి కావలసింది గిట్టుబాటు ధర. అందం దానికి బదులు కాలేదు, అలా చూపించడం మోసం. కానీ చూడటానికి తీరిక ఉండాలన్నది ఒప్పుకున్నప్పుడు, ఆ తీరిక ఎవరికి అందడం లేదన్న ప్రశ్నను కూడా తప్పించుకోలేం. అందుకు రైతు చేను దాకా వెళ్లనక్కర్లేదు. పండుగనాడు తెల్లవారుజామునే లేచి బొబ్బట్లు, పులిహోర చేస్తున్న ఇల్లాలు పూజ దగ్గర కూర్చోగలుగుతుందా? అంట్లు తోమడానికి ఆ రోజూ వచ్చిన పనిమనిషి తన ఇంట్లో పచ్చడి ఎప్పుడు కలుపుకుంటుంది? సంకల్పంలో చెప్పుకునే ఇల్లు వాళ్లు నిలబెడుతున్న ఇల్లే. అందుకే ఆ రోజు వంటపని ఇంట్లో అందరూ పంచుకోవడం, పనిమనిషికి జీతం కోయకుండా సెలవివ్వడం పూజకు ముందే తేల్చుకోవలసిన విషయాలు.