వెనక్కి అంటే ఎక్కడికి?

యుద్ధ వార్తలు చదివేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది కాల్పుల విరమణ ఒప్పందాల దగ్గర. కాల్పులు ఆపడమంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. ఫిరంగి పేలిందా లేదా అన్నది ఊరంతటికీ వినబడుతుంది. 'సైన్యాలు వెనక్కి వెళ్లాలి' అన్న వాక్యంతోనే చిక్కు. ఎక్కణ్ణించి? ఎక్కడికి? ఎప్పటిలోగా? ముందు ఎవరు? ఈ నాలుగింటికీ జవాబు రాయాలని పట్టుబడితే సంతకాలు పడవు. అందుకని ఒకటో రెండో ఖాళీ వదిలేస్తారు. రెండు పక్షాలూ తమకి కావలసినట్టు చదువుకుని సంతకం చేస్తాయి.

నన్ను తొలిచే ప్రశ్న ఇదే. ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకుంటారని తెలిసీ ఒక వాక్యం రాసి, దానితో చావులు ఆపడం ధర్మమేనా?

2008 నాటి జార్జియా యుద్ధం తీసుకుందాం. ఆగస్టు 7 రాత్రి జార్జియా సైన్యం దక్షిణ ఒసేతియా ముఖ్య పట్టణం త్స్ఖిన్వాలి మీద ఫిరంగులు పేల్చింది. రష్యా సైన్యం దిగింది. ఒసేతియా దాటి గోరీ పట్టణం దాకా, మరోవైపు నల్లసముద్రం ఒడ్డున పోతి రేవు దాకా వచ్చేసింది. ఏడాది తర్వాత యూరోపియన్ యూనియన్ వేసిన విచారణ బృందం ఇద్దరినీ తప్పుపట్టింది. ఆ మొదటి దాడికి అంతర్జాతీయ చట్టంలో సమర్థన లేదంది. రష్యా జవాబు ఆత్మరక్షణ హద్దులు దాటిపోయిందని కూడా అంది.

ఆగస్టు 12న ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ మాస్కో వెళ్లి, అక్కణ్ణించి ఆ రాత్రే త్బిలిసి వెళ్లి, ఆరు అంశాల కాగితానికి ఇద్దర్నీ ఒప్పించాడు. అందులో అయిదో అంశం రష్యా సేనలు యుద్ధానికి ముందున్న చోట్లకు వెళ్లిపోవాలంటుంది. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంది. అంతర్జాతీయ ఏర్పాటు ఏదైనా వచ్చేదాకా రష్యా శాంతిదళాలు 'అదనపు భద్రతా చర్యలు' తీసుకుంటాయని. ఏ చర్యలు, ఎంత దూరం, ఎన్నాళ్లు అన్నది ఆ అంశంలో లేదు. జార్జియా అధ్యక్షుడు సాకాష్విలి ఆరో అంశంలోంచి 'భవిష్యత్ ప్రతిపత్తి' అనే ముక్క తీయించగలిగాడు గానీ ఈ వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ వాక్యాన్నే చూపించి రష్యా జార్జియా నేల మీద చెక్‌పోస్టులు పెట్టుకుంది.

అసలు తమాషా అనువాదంలో బయటపడింది. ఇంగ్లీషు ప్రతిలో దక్షిణ ఒసేతియా, అబ్ఖాజియాల'లో' భద్రత అని ఉంది. రష్యన్ ప్రతిలో వాటి'కి' భద్రత అని ఉంది. 'లో' అయితే అది ఆ ప్రాంతాల లోపలి సంగతి. 'కి' అయితే వాటిని కాపాడటానికి బయట కూడా సైన్యాన్ని నిలబెట్టొచ్చు. మనం స్కూల్లో వల్లెవేసిన విభక్తుల్లో కి, కు, యొక్క, లో, లోపల అన్నీ షష్ఠిలోనే పక్కపక్కన కూర్చుంటాయి. అక్కడ ఆ రెండు ప్రత్యయాల మధ్య ఊళ్లున్నాయి, తోటలున్నాయి, మనుషులున్నారు.

ఇది ఒక్క జార్జియా కథే కాదు. 1967లో భద్రతా మండలి 242వ తీర్మానం ఆక్రమిత ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలంది. ఇంగ్లీషులో ఆ 'ప్రాంతాల' ముందు 'ద' లేదు, కాబట్టి అన్నిటి నుంచీ అని కాదని ఒక వాదం. ఫ్రెంచ్ ప్రతి చదివితే అన్నిటి నుంచీ అనే వస్తుందని ఇంకో వాదం. 'ద' లాంటి మాటే లేని తెలుగులోకి ఈ తగువుని అనువదించడం కూడా కష్టం.

ఇలాంటివి చదువుతుంటే మనకి ధర్మరాజు గుర్తురాక మానడు. అశ్వత్థామ విషయంలో ఆయన పలికిన ప్రతి పదమూ నిజమే, విన్నవాడికి చేరింది మాత్రం అబద్ధం. కాంట్ కూడా 1795లో రాసిన శాశ్వత శాంతి వ్యాసంలో మొట్టమొదటి షరతుగా ఇదే పెట్టాడు. మనసులో మరో యుద్ధానికి సాకు దాచుకుని చేసుకున్న సంధి సంధే కాదన్నాడు.

అయినా నేను ఆగస్టు 12 కాగితాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యలేను. ధర్మరాజు మాట ఒక మనిషిని చంపడానికి పనికొచ్చింది. ఈ కాగితం చంపడం ఆపడానికి పనికొచ్చింది. గోరీ నుంచి త్బిలిసి రోడ్డు మీద గంటన్నర దూరం కూడా ఉండదు. మ్యాపులు గీసి, కిలోమీటర్లు తేల్చి, అప్పుడే సంతకమని సర్కోజీ భీష్మించుకుని ఉంటే ఆ పట్టుదలకి ఖరీదు ఎవరు కట్టేవారు?

కానీ ఈ వాదం ఇక్కడితో ఆపేస్తే ఒక సంగతి దాచినట్టవుతుంది. అస్పష్టత ఇద్దరికీ సమానంగా ఉపయోగపడదు. కాగితం మీద ఖాళీ వదిలితే దాన్ని నింపేది అక్కడ ఎక్కువ ట్యాంకులున్నవాడే. మధ్యవర్తి ఎవరి పక్షమూ వహించలేదనుకుంటాడు గానీ, ఖాళీ వదిలినప్పుడే ఒక పక్షం వహించేశాడు.

మరి ఏం చెయ్యాలి? జవాబులో సగం ఆ యుద్ధంలోనే ఉంది. సెప్టెంబర్ 8న సర్కోజీ మళ్లీ మాస్కో వెళ్లాడు. ఈసారి కాగితంలో అంకెలున్నాయి. పోతి, సెనాకి మధ్య చెక్‌పోస్టులు 7 రోజుల్లో ఖాళీ చెయ్యాలి. అక్టోబర్ 1కి కనీసం 200 మంది యూరోపియన్ పరిశీలకులు రావాలి. వాళ్లొచ్చిన 10 రోజుల్లో ఒసేతియా, అబ్ఖాజియాల పక్క ప్రాంతాల నుంచి సేనలు వెళ్లిపోవాలి. పరిశీలకులు వచ్చారు, సేనలు వెళ్లాయి. అంకె రాసినచోట మాట నిలబడింది.

అంకె రాయనిచోట నిలబడలేదు. ఆగస్టు 26నే రష్యా ఆ రెండు ప్రాంతాల్నీ స్వతంత్ర దేశాలుగా గుర్తించేసింది. ఇక అక్కడున్న మా సైన్యం వాళ్లతో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఉంటుందంది. యుద్ధానికి ముందు జార్జియా చేతుల్లో ఉన్న అఖల్గోరి కూడా అందులోనే కలిసిపోయింది. యూరోపియన్ పరిశీలకుల్ని ఆ గీత దాటనివ్వలేదు. తర్వాత ఆ గీత వెంట ముళ్లకంచెలు లేచాయి. ఖుర్వలేటి లాంటి ఊళ్లని కంచె మధ్యకి కోసేసింది.

అందుకే అస్పష్టమైన వాక్యాన్ని నేను అప్పు లాంటిదనుకుంటాను. ప్రాణం మీదకొచ్చినప్పుడు అప్పు చెయ్యడం తప్పు కాదు. తీర్చే తేదీ లేకుండా, ఇంకొకడి పేరు మీద చెయ్యడం తప్పు. ఈ అప్పు సంతకం చేసినవాళ్లు తీర్చలేదు. ఇళ్లకి తిరిగి వెళ్లలేకపోయిన దాదాపు 20 వేలమంది జార్జియన్లు తీరుస్తున్నారు. వాళ్లలో చాలామంది త్బిలిసి హైవే పక్కన త్సెరొవానిలో వరసల్లో కట్టిన ఒకేలాంటి చిన్న ఇళ్లలో ఉంటున్నారు.

ఆ ఆరు అంశాలు మళ్లీ చదివి చూశాను. సైన్యాలు వెనక్కి వెళ్లాలని రెండుచోట్ల ఉంది, జార్జియాకొకటి, రష్యాకొకటి. ఊరి జనం వెనక్కి రావడం గురించి ఒక్క అంశం కూడా లేదు.