పళ్ళు, పాయింట్లు, బావి

బ్రిటన్‌లో స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ పందెం ఒకటుంది. 500 సీసీ బండి, మిథనాల్‌తో నడుస్తుంది. ఒకటే గేరు, బ్రేకులుండవు. జట్టుకి ఇద్దరు చొప్పున నలుగురు రైడర్లు మట్టి ట్రాక్ మీద వెనక చక్రాన్ని జారనిస్తూ, ఎడమకే తిరుగుతూ, నాలుగు చుట్లు కొడతారు. అంతా కలిపి నిమిషం పని. మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్ళకి 2, 1, చివరివాడికి సున్నా. ఇలాంటి హీట్లు పదిహేను జరిగితే ఒక మ్యాచ్.

ఈ ఆటలో నన్ను పట్టుకున్నది మాత్రం సీజన్ మొదలవకముందే కాగితం మీద జరిగే ఒక లెక్క. ప్రతి రైడర్‌కీ ఒక సగటు ఉంటుంది. సుమారుగా చెప్పాలంటే, తెచ్చిన పాయింట్లని తిరిగిన హీట్లతో భాగించి నాలుగుతో గుణిస్తారు. పదహారు హీట్లలో 32 పాయింట్లు తెచ్చినవాడి సగటు 8. జట్టులో ఉండే ఏడుగురి సగటులూ కలిపితే, ఆ ఏడాదికి లీగు ప్రకటించిన పరిమితిని దాటకూడదు. ఆ పరిమితి 40 అనుకుందాం. సరిగ్గా 40తో మొదలుపెట్టిన జట్టు బాగా ఆడింది, కుర్రాళ్ళు ఎదిగారు, ఏడాది చివరికి మొత్తం 46 అయింది. అప్పుడేం చెయ్యాలి? కప్పు పట్టుకుని ఫోటో దిగి, జట్టుని విడగొట్టుకోవాలి. అందరికంటే బాగా ఎదిగినవాడే చాలాసార్లు బయటికి పోతాడు.

అక్కడి పై లీగు ప్రీమియర్‌షిప్ పేరుతో 2017లో మొదలైంది. ఆ ఏడాది స్విండన్ గెలిచింది, 2018లో పూల్, 2019లో మళ్ళీ స్విండన్. 2020లో కోవిడ్ వల్ల పోటీ జరగలేదు. 2021లో పీటర్‌బరో, 2022లో బెల్ వ్యూ, 2023లో షెఫీల్డ్, 2024లో మళ్ళీ బెల్ వ్యూ. ఇన్నేళ్ళలో వరసగా రెండు సీజన్లు గెలిచిన క్లబ్బు ఒక్కటీ లేదు. అంతా ఆ ఒక్క రూలు మహిమే అనను. గాయాలున్నాయి, డబ్బుంది, ట్రాకులు మూతపడటం ఉంది. కానీ రూలు కోరుకునేది మాత్రం ఇదే.

రూలు వైపు గట్టి వాదనే ఉంది. 2021లో ఆ లీగులో మిగిలినవి ఆరు క్లబ్బులు. ఉన్న ఆరింటిలో ఒకటే ఎప్పుడూ గెలుస్తుంటే, తక్కినవాటికి టికెట్లు కొనేదెవరు? ఎంత బలవంతుడైనా ఒక్కడే పందెం ఆడలేడు కదా. ఓడిపోయేవాడు బతికుండటం గెలిచేవాడికీ అవసరమే.

సరే, బలాన్ని కొలిచి సమం చెయ్యడం న్యాయమేనా? దీనికి జవాబు వెతకడానికి బ్రిటన్ దాకా పోనక్కర్లేదు. మా గుత్తి చుట్టుపక్కల ఊళ్ళలో జాతరలకీ పండగలకీ బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దుల జత ఇచ్చిన సమయంలో బండని ఎంత దూరం లాగిందన్నదే లెక్క. ఆ పోటీల్లో విభాగాలు పళ్ళని బట్టి ఉంటాయి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. నోరు తెరిచి చూస్తే చాలు, ఏ జత ఏ విభాగమో తేలిపోతుంది. పాలపళ్ళ కోడెని ముదురు ఎద్దు పక్కన కట్టడం న్యాయమని ఏ రైతూ అనడు. కాబట్టి సమం చెయ్యడంలో తప్పేం లేదు.

కానీ పళ్ళకీ పాయింట్లకీ ఒక తేడా ఉంది. పళ్ళు వయసుతో వస్తాయి. ఎద్దు ఈసారి బండని ఎంత బాగా లాగినా, దానివల్ల వచ్చే ఏడాదికి ఒక పన్ను ఎక్కువ మొలవదు. రైడర్ సగటు అలా కాదు, అతను ట్రాక్ మీద పడ్డ కష్టంలోంచే పుడుతుంది. ఒకటి నీ దగ్గర ఉన్నదాన్ని కొలుస్తుంది, రెండోది నువ్వు చేసినదాన్ని కొలిచి నీ మీదే వేస్తుంది.

ఈ తేడాతో ఈ నేలమీదే ఒకాయన రెండొందల ఏళ్ళ కిందట తలపడ్డాడు. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించిందీ ఆయనే, ముక్కుపిండి వసూలు చేయించిందీ ఆయన కచేరీయే, కాబట్టి సాధువేం కాదు. అయినా 1807లో పై అధికారులకి రాసిన ప్రతిపాదనలో ఒక మాట చేర్చాడు: భూములన్నిటికీ శిస్తు నూటికి 25 తగ్గించాలి, బావి కింద సాగయ్యే భూమికి, ఆ బావిని రైతు తన ఖర్చుతోనే బాగుచేసుకుంటే, ఇంకో 8 కలిపి 33 తగ్గించాలి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. వానే సరిగ్గా పడని ఈ మెట్టలో, పంట పెరిగిందని శిస్తు కూడా పెంచుకుంటూపోతే బావి తవ్వేవాడుండడు. నేల సారం వేరు, రైతు చెమట వేరు అని ఆ 8 చెప్తోంది.

ఇక్కడ జాన్ రాల్స్ అడ్డొస్తాడు. 1971లో వచ్చిన తన పుస్తకంలో ఆయన అన్నదేంటంటే, ప్రతిభే కాదు, కష్టపడే స్వభావం కూడా కొంతవరకు పుట్టిన కుటుంబం, దొరికిన పరిస్థితుల చలవే అని. అంటే బావి తవ్వాలన్న పట్టుదల కూడా ఒకరకంగా పుట్టుకతో వచ్చిన పన్నేనా? కావచ్చు. ఎవడికి ఎంత అర్హత ఉందో తేల్చే తక్కెడ మన దగ్గర లేదు.

కానీ అర్హత సంగతి తేలకపోయినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: సమం చెయ్యడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన కథే. ఈ స్ప్రింట్‌లో ముప్పై పాయింట్ల పని చేస్తే, వచ్చే స్ప్రింట్‌కి ముప్పై ఐదు అడుగుతారు. కొన్నాళ్ళకి టీమంతా ఎస్టిమేట్లు పెంచి చెప్పడం నేర్చుకుంటుంది. శిస్తుకి భయపడే రైతు పంట దాచినట్టే. కొలత మనిషి ఎదుగుదలని తిరిగి అతని మీదే మోపితే, మనిషి మొదట నేర్చుకునేది ఆ ఎదుగుదలని దాచడం. స్పీడ్‌వే రైడర్‌కి ఆ దారి కూడా లేదు. బ్రేకుల్లేని బండి మీద నిజంగా తెగించినవాడికే పాయింట్లు వస్తాయి.

లీగు బతకడం అందరికీ కావాలి, ఒప్పుకుందాం. క్లబ్బులూ, ప్రేక్షకులూ అందరూ దానివల్ల బాగుపడతారు. కానీ దానికోసం ఊరు మారేది, మళ్ళీ జట్టు వెతుక్కునేది నిరుడు బాగా ఎదిగిన ఒక కుర్రాడు. పరిమితి ఉండటం అన్యాయం కాదు, అందరి మేలుకీ అతనొక్కడే మూల్యం కట్టడం అన్యాయం. తన దగ్గరే నేర్చుకుని ఎదిగిన రైడర్ విషయంలో, ఆ పెరిగిన సగటులో కొంత భాగాన్ని క్లబ్బు లెక్కలోంచి మినహాయిస్తే? మన్రో నూటికి ఎనిమిది లాంటిదే. లీగు కొంచెం ఏటవాలుగా నిలబడుతుంది, అంతే.

ఎదగమని ఒకరికి చెప్పడం తేలిక. అలా చెప్పినవాళ్ళు, అతను ఎదిగాక వచ్చే బిల్లులో తమ వాటా కూడా కట్టాలి.