పిల్లల చేతిలో ఫోను – మన భుజాలపై అమానత్



దివ్యఖుర్ఆన్ తహ్రీమ్ సూరా ఆరవ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి, తమను తామే కాదు, తమ ఇంటివారిని కూడా నరకాగ్ని నుండి కాపాడుకోవాలని ఆజ్ఞాపించాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) మనలో ప్రతి ఒక్కరినీ కాపరితో పోల్చారు. తండ్రి తన కుటుంబానికి కాపరి. తల్లి తన ఇంటికీ, పిల్లలకూ కాపరి. రేపు ప్రళయదినాన ఇద్దరినీ ఈ బాధ్యత గురించి ప్రశ్నించటం జరుగుతుంది. పూర్వం కాపరి వాకిలి మూస్తే మంద భద్రంగా ఉండేది. ఈ రోజు వాకిలి మూసినా బయటి ప్రపంచం పిల్లవాడి అరచేతిలోనే ఉంది.

ఫోను ఇలా వచ్చింది

2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల పాఠాలు ఎక్కువగా ఫోనులోనే సాగాయి. అంతవరకు పిల్లలను ఫోను ముట్టనివ్వని తల్లిదండ్రులు కూడా చదువు కోసం అప్పోసప్పో చేసి ఫోను కొనిచ్చారు. అది తప్పు కాదు, అవసరం. 2021 సెప్టెంబరు 1 నుండి బడులు తిరిగి తెరుచుకోవటం మొదలైంది. పిల్లలు బడికి వెళ్ళారు, కాని ఫోను మాత్రం తిరిగి పెద్దల చేతికి రాలేదు. నేటికీ ఎన్నో బడులు హోంవర్కును వాట్సాప్‌లోనే పంపుతున్నాయి.

మన వికారాబాద్, తాండూరు ఇళ్ళ సంగతే ఆలోచించండి. తండ్రి నాపరాతి గనికో, పాలిషింగ్ యూనిట్‌కో వెళ్ళి పొద్దుగూకాక వస్తాడు. మరో తండ్రి హైదరాబాద్ రైలెక్కి వెళ్ళి రాత్రికి చేరుకుంటాడు. తల్లికి ఉర్దూ చదవటం వచ్చు, ఫోనులోని ఇంగ్లీషు రాదు. “అమ్మీ, పాఠం చూస్తున్నా” అంటే నమ్మటం తప్ప ఆమెకు వేరే మార్గం లేదు. బిడ్డ నిజంగా పాఠమే చూస్తుండవచ్చు. కాని అదే తెరమీద ఆటలో పరిచయమైన అపరిచితుడు స్నేహితుడిలా పలకరిస్తాడు. ఓటీపీ అడుగుతాడు, ఫోటో అడుగుతాడు. ఒక్క ఫోటో చిక్కితే బెదిరింపు మొదలవుతుంది.

బెదిరించేవాడి బలం ఎక్కడుంది?

వాడి బలం ఫోటోలో లేదు, బిడ్డ మౌనంలో ఉంది. “ఇంట్లో తెలిస్తే చంపేస్తారు, నా చదువు మాన్పించేస్తారు” అన్న భయమే ఆడపిల్ల నోరు నొక్కేస్తుంది. మనమే కోపంతో ఆ భయాన్ని పెంచితే, తెలియకుండానే దుర్మార్గుడికి సాయం చేసినవాళ్ళమవుతాము.

యూసుఫ్ (అలై) గాథను గమనించండి. బాలుడైన యూసుఫ్ (అలై) తాను చూసిన కలను ముందుగా ఎవరికి చెప్పారు? తండ్రికి! యాఖూబ్ (అలై) నవ్వి కొట్టిపారేయలేదు, విసుక్కోలేదు. ప్రేమతో పిలిచి, ఈ కలను అన్నలకు చెప్పవద్దని, వారు కుట్ర పన్నవచ్చని హెచ్చరించారు. షైతాన్ మనిషికి బహిరంగ శత్రువని గుర్తుచేశారు. బిడ్డ చెప్పింది ఆలకించటం, ఏ మాట ఎవరికి చెప్పకూడదో నేర్పటం – ఈ రెండు పాఠాలూ అందులో ఉన్నాయి. ఇంటి చిరునామా, ఫోటో, ఓటీపీ పరాయివారికి ఇవ్వకూడదని నేర్పటం ఆ రెండో పాఠమే.

ముస్నద్ అహ్మద్‌లో అబూ ఉమామా (రజి) ఉల్లేఖించిన సంఘటన మరొకటి. ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి అడిగాడు. అక్కడున్నవారు అతన్ని గద్దించారు. కాని దైవప్రవక్త (స) అతన్ని దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. “నీ తల్లి విషయంలో, నీ కూతురి విషయంలో, నీ సోదరి విషయంలో దీన్ని ఇష్టపడతావా?” అన్న భావంతో ఒక్కొక్కటిగా అడిగి అతని చేతనే కాదనిపించారు. తర్వాత అతనిపై చెయ్యి వేసి దుఆ చేశారు. ఆ తర్వాత ఆ యువకుడు అటువైపు మళ్ళలేదు. అంత ఘోరమైన మాట అడిగినవాడినే దగ్గరకు తీసుకున్నారే, మరి మోసపోయి ఏడుస్తూ వచ్చిన మన బిడ్డను మనం దూరం నెట్టవచ్చునా?

నిఘా వేరు, కాపుదల వేరు

“పిల్లల ఫోను చూడటం గూఢచర్యం కాదా?” అని కొందరు అడుగుతారు. ఇతరుల లోపాలు వెదకటాన్ని హుజురాత్ సూరా వారించిన మాట నిజం. కాని పోషకుడి బాధ్యత వేరు. దొంగచాటుగా వెదికి పట్టుకుని అవమానించటం తర్బియత్ కాదు. ఫోను ఇచ్చేనాడే నియమాలు చెప్పండి. ఫోను నలుగురూ కూర్చునే చోటే వాడాలి. అమ్మీ అబ్బా ఎప్పుడు అడిగినా చూపాలి. ఇషా తర్వాత అది పెద్దల దగ్గరే ఉండాలి. దైవప్రవక్త (స) ఇషా తర్వాత కబుర్లను ఇష్టపడేవారు కాదు. మన శరీరానికీ, మన కంటికీ మనపై హక్కు ఉందని బోధించారు. అర్ధరాత్రి దాకా తెర చూసిన పిల్లవాడు ఫజ్ర్‌కు ఎలా లేస్తాడు, బడిలో ఏం వింటాడు? అయితే ఈ నియమం మనకూ వర్తించాలి. దస్తర్ఖాన్ దగ్గర తండ్రే రీల్స్ చూస్తుంటే అతని బోధ ఎవరికి ఎక్కుతుంది?

ఆపద వస్తే

ముందు “భయపడకు, నేనున్నాను” అనండి. బెదిరించేవాడికి డబ్బు పంపవద్దు. మెసేజీలు చెరపవద్దు, అవి సాక్ష్యం. సైబర్ మోసాలకు 1930, పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లున్నాయి. పరువు పోతుందని వెనకాడకండి. లైంగిక వేధింపుకు గురైన చిన్నారి వివరాలు పత్రికల్లో, టీవీల్లో బయటపెట్టటాన్ని 2012 నాటి పోక్సో చట్టం నిషేధించింది. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చేవాడి లోపాలను అల్లాహ్ కప్పుతాడన్నది హదీసు సారాంశం. బిడ్డ గౌరవాన్ని కాపాడటం ఆ కోవలోనిదే. దుర్మార్గుణ్ణి దాచిపెట్టటం మాత్రం కాదు. వాణ్ణి వదిలితే రేపు మరొకరి బిడ్డ వాడికి బలవుతుంది.

జరిగినదానికి శిక్షగా ఆడపిల్ల చదువు మాన్పించకండి. తప్పు చేసినవాడు బయట తిరుగుతుంటే శిక్ష ఆమెకు పడటం న్యాయమా?

సోదరులారా! ఈ రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి పిల్లల పక్కన కూర్చోండి. “ఫోనులో నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు చెప్పు, నేను కోప్పడను” అని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

అల్లాహ్ మన సంతానాన్ని కంటికి చలువగా చేయుగాక! కనిపించే, కనిపించని కీడులన్నిటి నుండి వారిని కాపాడుగాక! ఈ అమానత్‌ను సక్రమంగా నెరవేర్చే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.