శుక్రవారపు మాట: మట్టికి రాలేని బిడ్డలు



ఈ వారం ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. క్యాంపుల్లో కూడిక అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఇది. "అన్నా, అమ్మ మట్టికి వెళ్లలేకపోయాను. నేను కొడుకునేనా? దేవుడు నన్నేమంటాడు?"

"ఏం కాదులే తమ్ముడూ" అని భుజం తట్టి పంపేయొచ్చు. కానీ అతని గుండెలో బరువు అలాగే ఉంటుంది. అందుకే వాక్యం దగ్గర పెట్టుకుని ఆలోచిద్దాం.

మా ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను. అక్కడి బాప్టిస్టు చర్చిలో ఒక అవ్వ ఉండేది. పేరు రాయను, పేరు చెప్పుకోవడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. వయసులో ఉండగానే భర్త పోయాడు. పొగాకు గ్రేడింగు కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆ ఘాటుకు పట్టుకున్న దగ్గు చివరిదాకా పోలేదు. చదువు రాదు. శనివారం సాయంత్రం గుడి ఊడ్చి, చాపలు దులిపి, కుండలో నీళ్లు పోసి వెళ్లేది. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. ఆదివారం గుడికి తెచ్చిన ఆ బియ్యం బాలింత ఇంటికో, జబ్బుపడినవాళ్ల ఇంటికో వెళ్లేది. ఎవరింట్లో ఆడమనిషి పోయినా స్నానం చేయించి చీర కట్టడానికి ముందు వచ్చేది ఆమే. మాలాంటి పరదేశం పోయినవాళ్ల తల్లుల్ని గుమ్మం దగ్గర ఆపి "మీవాడు ఫోను చేశాడా?" అని అడిగేది. చేయలేదంటే ఆ రోజు ప్రార్థనలో వాడి పేరు వచ్చేది.

ఎనభై దాటాక, ఒక ఎండాకాలం శనివారం రాత్రి నిద్రలోనే ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. కొడుకు గల్ఫులో ఉన్నాడు. కాంట్రాక్టు మధ్యలో సెలవు ఇవ్వలేదు. ఇచ్చినా టికెట్టు దొరికి, విమానం దిగి, ఊరు చేరేసరికి రెండు రోజులు పడుతుంది. అక్కడ ఇరుకు ఇల్లు, మండే ఎండ, ఐసు పెట్టె అద్దె. పెద్దలు ఆగలేదు. డ్యూటీ బస్సులో కూర్చుని అతను ఫోనులో తల్లి భూస్థాపన చూశాడు. మధ్యలో రెండుసార్లు నెట్ ఆగిపోయింది.

ఊళ్లో కొందరు అన్నారు, "ఊరందరికీ చేసింది, కన్నకొడుకు పిడికెడు మట్టి వేయలేదు" అని. ఆ మాట అతని చెవిన పడింది.

వెళ్లాలని మనసు కొట్టుకోవడం తప్పు కాదు. యోసేపు ఐగుప్తులో అంత పెద్ద పదవిలో ఉండి కూడా ఫరోను సెలవు అడిగి, తండ్రి యాకోబును కనానుకు తీసుకెళ్లి పాతిపెట్టాడు. అతనూ పరదేశంలో ఉన్నవాడే, సెలవు అడగాల్సినవాడే. అతనికి దొరికింది, మనలో చాలామందికి దొరకదు. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లలో కొందరికైతే ఫోను కూడా చేతిలో ఉండదు. చేయగలిగి చేయకపోవడం వేరు, చేయి అందకపోవడం వేరు. లోకం రెండింటినీ ఒకటే అంటుంది. హృదయాన్ని చూసే దేవుడు అలా అనడు.

అయితే అక్కడే ఆగిపోతే సగం నిజమే చెప్పుకున్నట్టు. "సెలవు దొరకలేదు" అనేది చివరి రోజుకు జవాబు. అంతకు ముందు గడిచిన ఏళ్లకు అది జవాబు కాదు.

యోహాను సువార్త 19వ అధ్యాయం చూడండి. ప్రభువు సిలువ మీద ఉన్నాడు. మేకులు కొట్టిన చేతులతో తల్లికి అన్నం పెట్టలేడు, ఆమె ముసలితనంలో పక్కన కూర్చోలేడు. "దేవుడే చూసుకుంటాడమ్మా" అని వదిలేశాడా? లేదు. ఒక మనిషిని చూపించి తల్లిని అతనికి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. పక్కన ఉండలేని బిడ్డ ఏం చేయాలో ప్రభువు తానే చేసి చూపించాడు.

నేను ఆ అవ్వ కొడుకును ఒకటే అడిగాను, "మీ అమ్మను ఎవరికి అప్పగించి వచ్చావు?" అని. పక్కింటి అక్కకు అన్నాడు. ఇంటికి పంపేది కాక ఆమెకు నెలనెలా విడిగా కొంత పంపేవాడు. బీపీ మాత్రలు తెచ్చేది ఆమె, ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆమె. శుక్రవారం అతను ఫోను చేస్తే అమ్మ చెవి దగ్గర పెట్టేది ఆమె. ఆ రాత్రి అవ్వ పక్కన పడుకున్నదీ ఆమే. అప్పుడు నేనన్నాను, "తమ్ముడూ, నువ్వు కొడుకువే. నీ చేయి ఆ రాత్రి మీ అమ్మ పక్కనే ఉంది."

ఇక రెండో సంగతి. కబురు తెలియగానే మా ఊరివాళ్ల గ్రూపులో లెక్కలు మొదలయ్యాయి. గ్రానైటు సమాధి, పెద్ద ఫ్లెక్సీ, జ్ఞాపకార్థ కూడికలో బిర్యానీ. మంచి మనసుతోనే అన్నారు. కానీ మార్కు 7లో ప్రభువు కొర్బాను గురించి ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. తల్లిదండ్రులకు అందాల్సింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవాళ్లను ఆయన గద్దించాడు. మనం ఇంకో రకంగా తప్పించుకుంటాం. బతికుండగా ఇవ్వాల్సింది పోయాక ఇస్తాం. పోయినవాళ్లకు చేసేది పదిమందికీ కనబడుతుంది. బతికున్నవాళ్లకు కొనిచ్చే మాత్రల చీటీ ఎవరికీ కనబడదు.

ఒక తమ్ముడు ఎదురు అడిగాడు, "అన్నా, బతుకంతా తల వంచి కూలి చేసిన మనిషి. పోయాకైనా ఒక రాయి ఉండొద్దా?" న్యాయమైన మాట. మన పెద్దల్లో ఎందరి పేరూ ఏ రాతి మీదా లేదు. పేరు, తేదీ రాసిన రాయి తప్పకుండా పెట్టండి. కానీ ఆ రాయి మన సంపాదన చూపించుకోవడానికైతే, అది ఆమె కోసం పెట్టింది కాదు.

అపొస్తలుల కార్యములు 9లో, యొప్పే పట్టణంలో తబితా చనిపోతే పేతురు వచ్చాడు. విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టి ఇచ్చిన బట్టలు చూపించారు. ఆమె గురించి సాక్ష్యం వాళ్ల చేతుల్లో ఉంది. మా అవ్వకూ అంతే. ఆమె ఎవరి తల్లులకు స్నానం చేయించిందో ఆ కూతుళ్లే వచ్చి ఆమెకు స్నానం చేయించారు. ఎవరూ పిలవలేదు.

ఇలాంటి చిన్న బతుకు వల్ల ఏమవుతుంది అనుకుంటున్నారా? 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. జూయెట్ దొరగారు, ఆయన భార్య, ఒక తెలుగు సేవకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. తర్వాత పెద్ద కరువు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొరల గురించి పుస్తకాలు ఉన్నాయి. ఆ ఇద్దరు స్త్రీల గురించి మనలో ఎంతమందికి తెలుసు? అయినా ఆ తెల్లవారుజామున వాళ్లూ మోకరించారు. శనివారం గుడి ఊడ్చిన మా అవ్వ కూడా వాళ్ల వరుసలోని మనిషే.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేద్దాం. ఒకటి, మీ తల్లిదండ్రుల్ని చూడటానికి ఊళ్లో ఒక మనిషిని పేరు పెట్టి ఏర్పాటు చేయండి. ఆ మనిషి కష్టాన్ని ఉచితంగా తీసుకోవద్దు. రెండు, శుక్రవారం ఫోనులో డబ్బు లెక్క అయ్యాక ఇంకో పది నిమిషాలు ఉండండి. దగ్గు ఎలా ఉంది, రాత్రి ఏం తిన్నావు అని అడగండి. మూడు, మీ గదిలో ఎవరికైనా ఊరి నుంచి ఆ కబురు వస్తే, వాణ్ణి బస్సులో ఒంటరిగా ఫోను చూడనివ్వకండి. వాడి డ్యూటీ ఒకరు చూడండి, వాడికి అన్నం ఒకరు వండండి, ఒకరు పక్కన కూర్చోండి. ఏ మతంవాడైనా సరే. ఆ తల్లి మట్టికి ఇంత దూరం నుంచి మనం చేయగలిగింది అదే.

ప్రార్థన: తండ్రీ, దూరంలో ఉన్న మా అమ్మానాన్నలను నీ చేతికి అప్పగిస్తున్నాం. వారి పక్కన ఉన్న చేతులను దీవించు. వెళ్లలేకపోయిన బిడ్డలను ఆదరించు. ఆమేన్.

ఈ మాట అవసరమైన ఒక్కరికైనా పంపండి. వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం.